గడప మింగిన జవాబు

పోయిన వారం మనం వదినను ఆసుపత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. పదిహేడేళ్లు నర్సుగా చేసిన మనిషిని, విచారణ తేలేదాకా డ్యూటీకి రావద్దని చెప్పి ఇంటికి పంపేశారు. కారణం ఆరో వార్డులోని డ్రాయింగు మాస్టారు. ఆయనకు పెన్సిలిన్ పడదు. ఆ సంగతి ఆసుపత్రి కంప్యూటర్లలో అయిదేళ్లుగా నమోదై ఉంది. మంగళవారం మధ్యాహ్నం మాస్టారు జ్వరంతో మగతగా పడి ఉంటే, డాక్టరు రాసిన ఇంజెక్షన్ ఇచ్చే ముందు వదిన తెర మీద చూసింది. 'పడని మందులు: ఏవీ లేవు' అని ఉంది. ఇచ్చింది. నాలుగు నిమిషాల్లో మాస్టారికి ఊపిరి ఆగినంత పనైంది. ఆయన్ని బతికించుకున్నదీ వదినే. అరగంట తర్వాత పెద్దలంతా వచ్చి అదే తెర తెరిస్తే 'పెన్సిలిన్' అని ఎర్రటి అక్షరాల్లో కనిపించింది. చూడకుండా ఇచ్చేసి చూశానని బుకాయిస్తోందన్నారు. చూడలేదని ఒప్పుకుంటే హెచ్చరికతో వదిలేస్తామన్నారు. వదిన ఒప్పుకోలేదు. శుక్రవారం పది గంటలకు విచారణ. చూశానన్న మాట నిరూపించుకోలేకపోతే ఉద్యోగంతోపాటు నర్సు రిజిస్ట్రేషన్ కూడా పోతుంది.

ఆ తెరను తయారుచేసిన కంపెనీలోనే వదిన ఆడపడుచు ప్రోగ్రామర్. ఇంట్లో అందరికీ చిట్టి, ఆఫీసులో గడపమ్మ. ఆ రెండో పేరు ఎలా వచ్చిందో కాసేపట్లో చెప్పుకుందాం, ఎందుకంటే ఈ వారం గొడవంతా దాని చుట్టూనే. మా వదిన అబద్ధమాడదు, ఆ తెరే ఆడింది అని ఇంట్లో అందరి ముందూ తెగేసి చెప్పి, గురువారం పొద్దున్నే చిట్టి ఆఫీసుకు చేరింది. విచారణకు ఇంక ఒక్క రోజే ఉంది.

*

"వైరు లాగండి బాబాయ్" అంది చిట్టి.

రెండో అంతస్తు చివర్లో కిటికీ లేని గది అది. ఎనిమిది పాత కంప్యూటర్లు, వాటి వేడి, ఆ వేడిని గదిలోనే ఇటు నుంచి అటు తోసే ఒక ఫ్యాను. ఆ గదికి మకుటం లేని మహారాజు టెస్టింగు బాబాయ్. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. మిగతా అందరూ కట్టినదాన్ని పడగొట్టి చూడడమే ఆయన ఉద్యోగం. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని బల్లంతా వెతుక్కునే మనిషే గానీ, ప్రోగ్రాములో లోపం ఎక్కడ నక్కి ఉన్నా ఇట్టే పట్టేస్తాడు.

"లాగితే ఏమవుతుందో నాకు తెలుసమ్మాయ్. నువ్వు కళ్లారా చూడాలనే పిలిచాను" అన్నాడు బాబాయ్.

తెర మీద పరీక్షల కోసం పుట్టించిన ఒక ఉత్తుత్తి రోగి ఉన్నాడు. అతనికి పడని మందులు మూడు. మూడూ ఎర్రటి అక్షరాల్లో వరసగా కనిపిస్తున్నాయి. బాబాయ్ వంగి, కంప్యూటర్ వెనక నుంచి నెట్‌వర్క్ వైరు ఊడబీకాడు. చిట్టి ఆ రోగి పేరు మీద మళ్లీ నొక్కింది. చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. పది సెకన్లు తిరిగి ఆగింది.

పడని మందులు: ఏవీ లేవు.

అంతే. హెచ్చరిక లేదు, గంట మోగలేదు, ఒక్క అక్షరం ఎరుపెక్కలేదు. వైరేమో బాబాయ్ చేతిలో వేలాడుతోంది, తెర మాత్రం మూడు మందుల్నీ మింగేసి మర్యాదగా కూర్చుంది. మంగళవారం వదిన చూసిన తెర ఇదే. ఆమె కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూసినా, పదిసార్లు చూసినా ఇదే కనిపించి ఉండేది. చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూడలేదన్నారు బాబాయ్ మా వదినని. పదిహేడేళ్ల నుంచి చూస్తున్న మనిషిని పట్టుకుని చూడలేదన్నారు."

"అరవకు. అరిస్తే అవతల గదిలో వాళ్లకి వినపడుతుంది."

"వినపడనీండి."

ఇక్కడ గడప సంగతి చెప్పుకోవాలి. మూడేళ్ల క్రితం చిట్టి ఈ కంపెనీలో చేరేటప్పటికి ఆ ఆసుపత్రి ప్రోగ్రాములో నలభై మూడు తెరలుండేవి. రోగి వివరాలు ఉండేది ఎక్కడో దూరంగా, సర్వర్ అనే పెద్ద కంప్యూటర్లో. ప్రతి తెరా వైరు మీదుగా దాన్ని అడిగి జవాబు తెచ్చుకోవాలి. ఎవరి తెర వాళ్లు రాశారు, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు అడిగారు. ఒకడి తెర జవాబు కోసం రెండు సెకన్లు కూడా ఆగదు. ఇంకొకడిది తెల్లవార్లూ ఆగుతుంది. మరొకడిదైతే అడుగుతున్నది డాక్టరో దారిన పోయే దానయ్యో కూడా చూసుకోదు. ఎవరికి వారే యమునా తీరే.

చిట్టి నాలుగు నెలలు కూర్చుని ఆ అడగడాలన్నిటినీ ఏరి ఒకే క్లాసులో పెట్టింది. క్లాసంటే బడిలో తరగతి కాదు. ఒక పనికి కావాల్సిన సూచనలన్నీ ఒకే చోట కట్టిన మూట. ఇక మీదట ఏ తెరైనా సర్వర్‌ను ఏదైనా అడగాలంటే ఆ క్లాసు గుండానే అడగాలి, జవాబు కూడా ఆ దారినే రావాలి. ఇంట్లోంచి బయటికెళ్లినా, బయటి నుంచి లోపలికొచ్చినా దాటాల్సింది ఒక్కటే కాబట్టి దానికి గడప అని పేరు పెట్టింది. అడిగినవాడెవడో గడపే చూస్తుంది, ఎంతసేపు ఆగాలో గడపే లెక్కేస్తుంది. అసలు జవాబే రాకపోతే తెర నిండా ఒక ఎర్ర పెట్టె పెడుతుంది: 'జవాబు రాలేదు. ఈ వివరాలను నమ్మకండి.' ఆ రెండు వాక్యాలూ చిట్టి స్వయంగా రాసుకున్నవి. ఎవడైనా తొందర్లో గడపను తప్పించి అడ్డదారిన సర్వర్‌ను అడిగితే వాడి కుర్చీ దగ్గరికి వెళ్లి నిలబడి దిద్దించేది. అలా వచ్చిందే గడపమ్మ అనే పేరు. వెనకాల నవ్వుకునేవాళ్లు నవ్వుకున్నారు గానీ, ఒక్క చోట దిద్దితే నలభై మూడు చోట్లా దిద్దుకుంటుందని తెలిశాక వాళ్లే ఆమెకు దణ్ణం పెట్టారు.

ఒక్క చోట చెడితే నలభై మూడు చోట్లా చెడుతుందన్నది కూడా అంతే నిజం. ఆ మాట అప్పుడెవరూ అనలేదు.

చిట్టి గడపను తెరిచి చూసింది. ఎర్ర పెట్టె ఉండాల్సిన చోట ఆరు కొత్త వరసలున్నాయి. జవాబు రాకపోతే ఖాళీ జాబితా ఇచ్చి పంపేయమని వాటి సారాంశం. అంటే సర్వర్ పలకకపోయినా, సర్వర్ పలికి ఏమీ లేవని చెప్పినా తెరకు అందేది ఒకటే. ఆ ఖాళీ జాబితాను తెర 'ఏవీ లేవు' అని చదువుతుంది. కాపలా కోసం వేసిన కంచే చేను మేసింది.

"ఎవరో నా గడపలో చెయ్యి పెట్టారు" అంది. "నేను కాన్పుకి ఏడు నెలలు సెలవులో ఉన్నప్పుడు అద్దె మనుషుల్ని తెచ్చారుగా. వాళ్ల పనే ఇది. నేను తిరిగొచ్చేసరికి నన్ను ఇంకో ప్రాజెక్టులో వేశారు. మళ్లీ దీని మొహం చూసే వీలే లేకపోయింది."

ఎవరు రాశారో తెలుసుకోవడం మామూలుగా అరనిమిషం పని. ఏ వరస ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చెప్పే చిట్టా ప్రోగ్రాము వెంటే ఉంటుంది. కానీ పోయినేడాది కంపెనీ తన ప్రోగ్రాములన్నిటినీ కొత్త చోటికి తరలించినప్పుడు పాత చిట్టా వెంట రాలేదు. అది పాత మెషీన్లో ఉండిపోయింది. దాన్ని తెరిచే అధికారం మేనేజరు ఒక్కడికే ఉంది.

బాబాయ్ బల్ల సొరుగు లాగి, మడత పెట్టిన కాగితం ఒకటి తీశాడు.

"అడగడానికి వెళ్తున్నావు కదా, ఇది కూడా పట్టుకెళ్లు. పదకొండు నెలల క్రితం నేను పెట్టిన ఫిర్యాదు. వైరు లాగితే ఏవీ లేవంటోంది, ఇది ప్రమాదం అని రాశాను. కింద ఏం రాసి మూసేశారో చూడు."

చిట్టి చదివింది. 'లోపం కాదు. క్లయింటుకు ప్రశాంతమైన తెరే కావాలి. ఇలాగే ఉంచాలి.' దాని కింద మేనేజరు పేరుంది.

"మళ్లీ అడగలేదా బాబాయ్ మీరు?"

బాబాయ్ నెత్తి మీది కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. "లేదమ్మాయ్. మూసేశాక ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పే. ఎక్కడైనా చెప్తాను."

*

మేనేజరుకు ఆఫీసులో శాంతస్వరూపం అని పేరు. గొంతు పెంచి మాట్లాడడు. అద్దాల గదిలో, రోజూ దుమ్ము తుడిచిన ప్లాస్టిక్ మొక్క పక్కన కూర్చుని, ఫ్లాస్కులోంచి వేన్నీళ్లు పోసుకుని గుక్క గుక్కగా తాగుతుంటాడు. ఇల్లు అంటుకున్నా ముందు అది తన శాఖలోకి వస్తుందో రాదో కనుక్కునే రకం. తెర మీద ఎరుపు కనిపిస్తే మాత్రం ఆయనకు ఒంటి మీద జెర్రులు పాకుతాయి.

"కూర్చోండి" అన్నాడు.

"కూర్చోడానికి రాలేదు సర్. ఆసుపత్రికి నిన్న వెళ్లిన ఉత్తరం మీరు రాసిందేనా?"

"కంపెనీ రాసింది."

"కంపెనీకి చేతులుండవు సర్. ఎవరో ఒకరు రాయాలి."

ఆ ఉత్తరం నకలు వదిన ఫోనులో పంపింది. చిట్టికి అప్పటికే కంఠతా వచ్చేసింది. 'మా సాఫ్ట్‌వేర్‌లో సర్వర్‌ను అడిగే ప్రతి పిలుపూ ఒకే క్లాసు గుండా, ఒకే క్రమశిక్షణతో వెళుతుంది. కనుక ఒకే తెర ఒకసారి ఒకటి, మరోసారి మరొకటి చూపే అవకాశం లేదు. పొరపాటు చూసినవారిదే.' అందులో మొదటి వాక్యం చిట్టిది. మూడేళ్ల క్రితం గడపను అందరికీ పరిచయం చేస్తూ ఆమె చెప్పుకున్న మాట. ఆ మాటనే తాడుగా పేని మా వదిన మెడకు వేశారని తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

"మంగళవారం ఆసుపత్రిలో పదకొండు నిమిషాలు నెట్‌వర్క్ పోయింది" అన్నాడు మేనేజరు. "వైరు వాళ్లది. మన పూచీ కాదు."

"వైరు తెగడం మన తప్పు కాదు. తెగిందని చెప్పకపోవడం మన తప్పు."

"తెర తన దగ్గరున్నది చూపించింది."

"దాని దగ్గర ఏమీ లేదు సర్. మీరు మా ఇంటికొచ్చి తలుపు కొట్టారనుకోండి. నేను స్నానంలో ఉన్నాను, పలకలేదు. వెనక్కెళ్లి ఆ ఇంట్లో మనుషులే లేరని ఊరంతా చెప్తారా? పలకలేదు అని చెప్తారు. మన తెర ఆ ఒక్క మాటా చెప్పలేకపోయింది. ముసలాయన ప్రాణం మీదికొచ్చింది."

"ఎర్ర పెట్టెలు చూస్తే డాక్టర్లు కంగారు పడతారు. వాళ్లే వద్దన్నారు."

"పడాలి. కంగారు పడాల్సిన చోట పడకపోతే ఇంకెందుకు ఆ తెర. అద్దం బదులు గోడకి తగిలించుకోడానికా?"

మేనేజరు వేన్నీళ్ల కప్పు కింద పెట్టాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "మీ వదిన కాబట్టి మీకు ఈ ఆవేశం. అర్థం చేసుకోగలను."

అది పుండు మీద కారం చల్లినట్టయింది. చిట్టి రెండు చేతులూ బల్ల మీద ఆనించింది.

"ఆ మాస్టారు మా వదినకేమవుతాడు సర్? అన్నా, నాన్నా? ఎవరూ కాదు. డాక్టరు వచ్చేదాకా ఆయన మూతి మీద గాలి సంచి పెట్టి, చేతులు తిమ్మిరెక్కినా ఆపకుండా నొక్కింది. అలాంటి మనిషిని అబద్ధాలకోరంటూ మీరు ఉత్తరం రాశారు. ఆమె నాకేమీ కాకపోయినా ఇదే గదికి వచ్చి ఇదే అడిగేదాన్ని. ఇంత గట్టిగా అడుగుతానో లేదో గానీ అడిగేదాన్ని."

బాబాయ్ ఇచ్చిన కాగితాన్ని మడత విప్పి ఆయన ముందు పెట్టింది. మేనేజరు చదివాడు. ప్లాస్టిక్ మొక్క ఆకు మీద లేని దుమ్మును వేలితో తుడిచాడు.

"ముందు ఆ ఆరు వరసలు తీసేయాలి, ఇవాళే" అంది చిట్టి. "మనం ఇక్కడ మాట్లాడుకుంటుంటే అక్కడ నలభై మూడు తెరలు అబద్ధం చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నాయి."

"విచారణ అయ్యాక చూద్దాం. ఇప్పుడు దిద్దితే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది."

"ఈలోగా ఇంకో వైరు తెగితే?"

మేనేజరు ఫ్లాస్కు మూత బిగించాడు.

"సరే. పాత చిట్టా తెరవండి. నేను లేనప్పుడు నా గడపలో ఆ వరసలు రాసిందెవరో నాకు కావాలి. రేపు పది గంటలకి ఆ పేరు విచారణలో చెప్తాను. అద్దె మనిషైనా సరే, మీరైనా సరే, మీ పైవాడైనా సరే."

"వద్దండి."

"భయమా సర్?"

"మీ కోసమే వద్దంటున్నాను."

"నా కోసం ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. పేరు చెప్పండి చాలు."

మేనేజరు సొరుగు తెరిచాడు. కాగితం అందులో సిద్ధంగానే ఉంది. అంటే నిన్నే తీసి పెట్టుకున్నాడు. బల్ల మీద ఆమె వైపు జరిపి, మళ్లీ కప్పు అందుకున్నాడు.

ఒక్క పేజీ. ఆరు వరసలూ అచ్చయి ఉన్నాయి. పైన తేదీ, పద్దెనిమిది నెలల కిందటిది. శుక్రవారం, సాయంత్రం నాలుగూ నలభై. దాని పక్కన పేరు. పేరు చదివాక కూడా చిట్టికి నమ్మబుద్ధి కాలేదు. ఎవరైనా తన పాస్‌వర్డు వాడి ఉంటారు, ఇదేదో కుట్ర అనుకుంది. అలా అనుకుంటూనే కింద రాసిన వాక్యాల మీదికి కళ్లు పోనిచ్చింది.

'డెమో కోసం మాత్రమే. హాల్లో సిగ్నల్ లేదు. సోమవారం తీసెయ్యాలి. మర్చిపోకే తల్లీ.'

తనను తాను తల్లీ అని పిలుచుకునే మనిషి ఆ కంపెనీలో ఒక్కతే ఉంది.

మరుపు తెర జారిపోయినట్టు ఆ సాయంత్రమంతా గుర్తొచ్చింది. నిండు నెలలు దగ్గరపడ్డాయి. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. డెమోకి, అంటే ప్రోగ్రాము పనితీరు చూడడానికి, ఆసుపత్రి పెద్దలంతా వచ్చి కింద హాల్లో కూర్చున్నారు. తెర తెరిచిన ప్రతిసారీ ఎర్ర పెట్టె వస్తోంది. ఈ శాంతస్వరూపమే చెమట తుడుచుకుంటూ వచ్చి, రెండు గంటలే, రెండు గంటలు ఆ ఎరుపు కనపడకుండా చేయండి అని బతిమాలాడు. పది నిమిషాల పని. చేసేసింది. సోమవారం రాగానే తీసెయ్యాలనుకుంది. శనివారం తెల్లారగట్ల, ఇంకా మూడు వారాలు గడువుండగానే నొప్పులొచ్చాయి. సోమవారం ఉదయం ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది. పాపను మొదట అందుకున్న చేతులు వదినవే. ఒళ్లు తుడిచి, గుడ్డలో చుట్టి, తెచ్చి గుండెల మీద పడుకోబెట్టింది. ఆ రోజు చిట్టికి లోకంలో గడప అనేదొకటి ఉందని కూడా గుర్తు లేదు. ఆ తర్వాత ఏడు నెలలూ లేదు. ఆ తర్వాత కూడా లేదు. డెమో కోసం రాసిన ఆ ఆరు వరసలు అలాగే ఆసుపత్రికి చేరాయి.

పొద్దుటి నుంచి ఎవరి మీద విరుచుకుపడదామా అని కత్తి నూరుకుంటే, ఆ మనిషి తన చొక్కాలోనే ఉంది. నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది చిట్టికి. కోపం మాత్రం పోలేదు, ఎటు పోవాలో తెలియక లోపలే గిరగిరా తిరుగుతోంది.

"చూశారుగా" అన్నాడు మేనేజరు, మెత్తగా. "అందుకే వద్దన్నాను. మన తెరలో తప్పేమీ లేదని మీరొక కాగితం మీద సంతకం పెట్టండి, ఇది మళ్లీ సొరుగులోకి పోతుంది. మీ వదిన గురించి నేను మాట్లాడతాను. ఇంకో చోట ఏదైనా చూద్దాం."

"రిజిస్ట్రేషన్ పోయిన నర్సుకి ఇంకో చోట ఎక్కడుంటుంది సర్?"

"నా మాట వినండి. రేపు నా పేరు చెప్పాలనుకుంటే, దానికంటే ముందు మీ పేరు వస్తుంది."

చిట్టి రెండు కాగితాలూ తీసుకుంది. బాబాయ్ ఇచ్చింది ఒకటి, ఈయన ఇచ్చింది ఒకటి. మేనేజరు చెయ్యి చాపాడు గానీ అప్పటికే అవి ఆమె సంచిలోకి వెళ్లిపోయాయి.

"నేను మర్చిపోయాను సర్" అంది. "మీకు మాత్రం పదకొండు నెలల క్రితం ఒకాయన రాసి మరీ గుర్తుచేశాడు. మీరు ఉంచమన్నారు. నా తప్పు నాకు తెలుస్తూనే ఉంది. మీ తప్పు మీకు తెలుస్తోందా అని అడుగుదామనుకున్నాను, ఇంక అడగను."

తలుపు వేసేటప్పుడు అద్దాలు గలగలమన్నాయి. గదుల్లో తలలన్నీ లేచాయి. లేవనీ అనుకుంది.

*

మెట్ల దగ్గర బాబాయ్ నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, ఆసుపత్రి వార్డులన్నిటికీ ఇప్పుడే ఫోన్లు చెయ్యండి. తెర మీద ఏవీ లేవని వస్తే నమ్మొద్దనండి. మందిచ్చే ముందు కాగితం ఫైలు చూడమనండి."

"పైవాణ్ణి అడగక్కర్లేదా?"

"అడిగాను. విచారణ అయ్యాక చూద్దామన్నాడు."

"ఎవరు చెప్పారని అడిగితే?"

"గడప రాసిన మనిషే చెప్పమందనండి."

బాబాయ్ తలూపి, కళ్లజోడు కళ్లకు పెట్టుకుని, తన గదివైపు నడిచాడు. ఆయన అంత వేగంగా నడవడం చిట్టి ఎప్పుడూ చూడలేదు.

కింద రిసెప్షన్‌లో వదిన కూర్చుని ఉంది. ఒళ్లో పాప. పద్దెనిమిది నెలల పిల్ల, అమ్మను చూడగానే రెండు చేతులూ చాపింది. డ్యూటీ పోయినప్పటి నుంచి పాపను వదినే చూసుకుంటోంది. ఖాళీగా కూర్చుంటే మనసు పాడవుతుంది, దీన్ని నాకివ్వు అని తనే అడిగి తీసుకుంది. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం వేసుకుని వచ్చింది ఇవాళ కూడా. రావద్దన్నారు గానీ వేసుకోవద్దనలేదుగా అంటుంది అడిగితే.

"నువ్వేంటి వదినా ఇక్కడ?"

"సాయంత్రం అయిదు లోపల ఈ కాగితం ఆసుపత్రిలో ఇవ్వాలంట. నా వాదన రాసివ్వమన్నారు. అంతా రాశాను. ఒక్క గీతే మిగిలింది."

నాలుగు పేజీలు. వార్డులో చార్టులు రాసే గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. ఏ నిమిషంలో ఏం చూసింది, ఏ నిమిషంలో ఏం చేసింది, అన్నీ ఉన్నాయి. చివరి పేజీలో అచ్చు అక్షరాల్లో ఒక ప్రశ్న. 'మీ ఉద్దేశంలో పొరపాటు ఎవరిది? పేరు రాయండి.' దాని కింద ఒక్క గీత, ఖాళీగా.

"మాస్టారు ఇవాళ మాట్లాడారంట" అంది వదిన. "మా పాత స్నేహితురాలు ఫోను చేసి చెప్పింది. నేనెక్కడున్నానని అడిగారంట. ఏం చెప్పాలో తెలీక సెలవులో ఉందని చెప్పిందంట." కాసేపు పాప జుట్టు సర్దింది. "తెర అబద్ధమాడిందని తేల్చావా?"

"తేల్చాను. నువ్వు చూసింది నిజమే వదినా. కళ్లతో చూశాను."

వదిన కళ్లు మూసుకుంది. మూడు రోజుల నుంచి ఊపిరి బిగబట్టి ఉన్నట్టు ఒక్కసారి వదిలింది. తెరిచాక ఆ కళ్లలో చిట్టి ఎప్పుడూ చూడని కోపం కనిపించింది.

"ఎవరు చేశారో తెలిసిందా?"

"తెలిసింది."

"వాళ్లెవరో గాని, వాళ్లకి నిద్రెలా పడుతోందే చిట్టీ. ఒక ముసలాయన ఊపిరి. నా పదిహేడేళ్లు. నేనెప్పుడూ ఒకరి మీద పితూరీ చెప్పి ఎరగను. కానీ ఈ పేరు మాత్రం రాస్తాను. రేపు అందరి ముందూ లేచి నిలబడి గట్టిగా చదువుతాను కూడా." పెన్ను తీసి చిట్టి చేతిలో పెట్టింది. "నువ్వే రాయి. ఈ కోపంలో నేను రాస్తే తప్పులు పోతాయి. మళ్లీ కొట్టివేతలైతే దానికీ వంకలు పెడతారు."

చిట్టి కాగితాన్ని రిసెప్షన్ బల్ల మీద పరిచింది. సంచిలో రెండు కాగితాలున్నాయి. ఒకదాని మీద మేనేజరు పేరు, ఒకదాని మీద తన పేరు. గీత మీద ఒక్క పేరుకే చోటుంది. మేనేజరు పేరు రాస్తే అబద్ధమేమీ కాదు. వదిన నమ్ముతుంది, విచారణ నమ్ముతుంది, రేపు రాత్రికి ఇంట్లో అందరూ కలిసి భోంచేయొచ్చు. మర్చిపోవడం నేరమా, గుర్తుచేసినా ఉంచమనడం నేరమా అని ఎవరినడిగినా రెండోదే అంటారు. అవన్నీ నిజాలే. ఆ ఆరు వరసలు రాసిన చెయ్యి మాత్రం ఇదే. జవాబు రానప్పుడు ఏవీ లేవని చూపించిన తెర మీద పొద్దుటి నుంచి మండిపడుతున్నది కూడా ఈ నోరే.

పాప బల్ల అంచు పట్టుకుని పెన్ను కోసం చెయ్యి చాచింది. చిట్టి ఆ చిన్న చెయ్యిని పక్కకు తీసి, పెన్ను గీత మీద ఆనించి, రాయడం మొదలుపెట్టింది.

వదిన చూస్తూనే ఉంది. మొదటి అక్షరం ఆమెకు కొత్తది కాదు. పాప పుట్టిన శనివారం ఆసుపత్రి కార్డు మీద, తల్లి పేరు అన్న చోట, తన చేత్తో రాసిన అక్షరమే అది. రెండో అక్షరం కాగితం మీద పడకముందే వదిన చెయ్యి వచ్చి చిట్టి మణికట్టు పట్టుకుంది.